ఇల్లు మారినా వీధి స్నేహం పోదు
'ఒక వయసొచ్చాక మిగిలేది బడి స్నేహితులే, వీధిలోవాళ్లు ఇల్లు మారగానే దూరమైపోతారు' అని బడి స్నేహాల మీద మీ వ్యాసంలో రాసిన మాట నేను ఒప్పుకోలేను. మాది నెల్లూరు, రంగనాయకులపేట. పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపు నాకూ ఉంది, అందులో మాస్టార్ల బెత్తం దెబ్బల కబుర్లు బాగానే నడుస్తాయి. కానీ గొంతు పట్టేసే మాటలన్నీ మా వీధిలో పెరిగినవాళ్లతోనే. ఎండాకాలం పెన్న ఎండిపోతే ఇసకలో చెలమలు తవ్వి దోసిళ్లతో నీళ్లు తాగాం. రంగనాథస్వామి తేరు వెనకాల పరిగెత్తాం. మా పక్కింటి సాయిబులమ్మ అయితే మొహర్రం వచ్చిందంటే తన పిల్లలతోపాటు మమ్మల్నీ బారాషహీద్ దర్గాకి, స్వర్ణాల చెరువుకి తీసుకెళ్లేది. అక్కడ జరిగే రొట్టెల పండుగలో కోరిక తీరినవాళ్లు నీళ్లలో నిలబడి రొట్టె ఇస్తారు, అదే కోరిక ఉన్నవాళ్లు పట్టుకుంటారు. చదువు రొట్టె ఎవరిస్తున్నారో ఆ జనంలో వెతికి వెతికి ముందు మాకు ఇప్పించేది, ఆ తర్వాతే తన పిల్లలకి. మేం పాసైతే మరుసటేడు మా తరఫున తనే రొట్టెలు చేసుకొచ్చేది. అంత ప్రేమ ఏ బడిలో దొరుకుతుంది? ఆమె పోయి చాలా ఏళ్లయింది. వాళ్ల పెద్దోడు గల్ఫ్‌లో ఉన్నాడు, అయినా రొట్టెల పండుగ రోజు ఫోన్ చేసి "ఈసారి ఏం రొట్టె పట్టావన్నా?" అని అడక్కుండా ఉండడు. వీధి స్నేహాల మీద కూడా ఒక వ్యాసం రాయండి, మా పేట వాళ్లమే బోలెడు చెప్తాం.