రెండేళ్లు వచ్చేదాకా ఎందుకు ఆగాలి?

విజయవాడ సూర్యారావుపేటలోనో, గుంటూరు కొత్తపేటలోనో పిల్లల ఆసుపత్రుల దగ్గర తరచూ వినిపించే మాట ఇది: "పుట్టగానే ఏడవలేదండీ, బాక్సులో పెట్టారు." నెలలు నిండకుండా పుట్టినవాళ్లు, కాన్పులో ఆక్సిజన్ అందనివాళ్లు, కామెర్లు ముదిరి మెదడుకు చేరినవాళ్లు, మొదటి రోజుల్లోనే ఫిట్స్ వచ్చినవాళ్లు. ఇలాంటి పిల్లలను బతికించడంలో మన వైద్యం ఎంతో ముందుకెళ్లింది. బతికి ఇంటికెళ్లాక వాళ్లను పట్టించుకునేది ఎవరన్నదే నా బాధ.

నాలుగు నెలలైనా మెడ నిలవకపోతే "నెల తక్కువ బిడ్డ, నిదానంగా వస్తాడులే" అంటారు. ఏడాది నిండకముందే అన్నీ ఒక్క చేత్తోనే అందుకుంటుంటే అది చేతివాటం అనుకుంటారు. అంత చిన్న వయసులో అది రెండో చేతి బలహీనతకు గుర్తు కావచ్చు. అమ్మమ్మలు అలా అన్నారంటే ప్రేమ కొద్దీ అనుకుందాం. కొందరు డాక్టర్లు కూడా "రెండేళ్లు రానివ్వండి, చూద్దాం" అనడమే నాకు మింగుడుపడదు. బిడ్డ కదలికల పరిశీలన, నరాల పరీక్ష, ఎంఆర్‌ఐ కలిపి చూస్తే సెరిబ్రల్ పాల్సీని (మెదడు దెబ్బతినడం వల్ల కదలికలు పట్టు తప్పే స్థితిని) ఆరు నెలల లోపే గుర్తించవచ్చని 2017లోనే అంతర్జాతీయ నిపుణులు చెప్పారు. జబ్బు ఖాయం కాకపోయినా ముప్పు ఉందనిపిస్తే చాలు, థెరపీ మొదలుపెట్టాలన్నారు.

మెదడులో దెబ్బతిన్న భాగం మళ్లీ మొలవదు. కానీ మొదటి రెండు మూడేళ్లలో మెదడు కొత్త దారులు వేసుకున్నంత వేగంగా తర్వాత వేసుకోలేదు. అందుకు బిడ్డ తనంతట తాను ప్రయత్నించాలి. మరొకరు కాళ్లూ చేతులూ పట్టుకుని ఆడిస్తే సరిపోదు. మెలకువగా ఉన్నప్పుడు బోర్లా పడుకోబెట్టి ఎదురుగా గిలక్కాయ ఆడించడం, బలహీనంగా ఉన్న చేతివైపు బొమ్మ పెట్టి అందుకోనివ్వడం, పాలు పట్టేటప్పుడు తల నిలిపి పట్టుకోవడం... ఇవి ఇంట్లో రోజంతా జరగాల్సిన పనులు. థెరపిస్టు అసలు పని బిడ్డ చేత వీటిని ఎలా చేయించాలో తల్లికి నేర్పడం. కంటి పరీక్ష, వినికిడి పరీక్ష కూడా అప్పుడే అయిపోవాలి. చూపు ఆనని బిడ్డ ముందు బొమ్మ ఆడించి ఏం లాభం?

మాచర్ల నుంచో వినుకొండ నుంచో వారం వారం గుంటూరు రావాలంటే తల్లికి ఆ రోజు కూలి పోతుంది, చార్జీలు అదనం. నాలుగు వారాలు వచ్చి మానేస్తే ఆమెను తప్పుపట్టలేం. 2013లో మొదలైన పిల్లల ఆరోగ్య పథకం, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఇలాంటి పిల్లల కోసం జిల్లాల్లో చికిత్సా కేంద్రాలు పెట్టాలన్నారు. అవి ఉన్న ఊళ్లోనే ఆగిపోతే పల్లెలకు ఏం ఒరుగుతుంది? థెరపిస్టు వారానికి ఒక రోజైనా ఏరియా ఆసుపత్రికి వెళ్లాలి.

ఆశా కార్యకర్త ఎలాగూ 3, 6, 9, 12, 15 నెలలప్పుడు ఇంటికి వెళ్లాలి. బాక్సులో ఉండి వచ్చిన ప్రతి బిడ్డ వివరమూ, ప్రైవేటు ఆసుపత్రిలో పుట్టినా సరే, డిశ్చార్జి రోజునే ఆమె చేతికి చేరాలి. మళ్లీ ఎప్పుడు, ఎవరికి చూపించాలో డిశ్చార్జి కాగితం మీదే తెలుగులో రాసి ఇవ్వాలి. దీనికి కొత్త భవనాలు అక్కర్లేదు, ఒక ఉత్తర్వు చాలు.