వీడియో పెట్టేస్తే పాఠం చెప్పినట్టు కాదు

చాలా రోజులుగా లోపల పెట్టుకున్న మాట, ఇవాళ రాసేస్తున్నా. ఆన్‌లైన్ క్లాస్ అనగానే కాలేజీలో పాఠాలు చెప్పే మనకి ముందు గుర్తొచ్చేది కెమెరా, మైక్, స్లైడ్లు. గంట లెక్చర్ రికార్డ్ చేసి అప్‌లోడ్ చేసేస్తే ఆ వారం పని అయిపోయిందనుకుంటాం. 2020లో రాత్రికి రాత్రి క్లాసులన్నీ ఆన్‌లైన్‌కి మారినప్పుడు నేనూ అంతే, 55 నిమిషాల వీడియోలు, ఒక్కోదానికి మూడేసి గంటలు కూర్చునేవాణ్ని. తీరా రిపోర్ట్ తెరిచి చూస్తే చాలామంది మొదటి పది నిమిషాల్లోనే వెళ్లిపోయారు. పిల్లలకి శ్రద్ధ లేదని కోపమొచ్చింది. లోపం నా పద్ధతిలో ఉందని అర్థమయ్యేసరికి సెమిస్టర్ అయిపోయింది.

ఎడెక్స్ అనే ఆన్‌లైన్ కోర్సుల సైట్‌లో 69 లక్షల సార్లు వీడియోలు చూసిన డేటా మీద 2014లో ఒక స్టడీ వచ్చింది. వీడియో ఎంత పొడుగున్నా సగం మంది 6 నిమిషాలకి మించి చూడట్లేదని తేలింది. సరే అని నేను ముక్కలు చేశా. ముక్కలు చేస్తే సరిపోదని తర్వాత తెలిసింది, ముక్కకీ ముక్కకీ మధ్య స్టూడెంట్ ఏదో ఒకటి చెయ్యాలి, ఒక ప్రశ్నకి పుస్తకం చూడకుండా జవాబు రాయాలి, ఒక లెక్క చేసి చూడాలి. మళ్లీ మళ్లీ చదివిన దానికంటే గుర్తు తెచ్చుకుని రాసిన విషయమే వారం తర్వాత ఎక్కువ నిలుస్తుందని 2006లో రోడిగర్, కార్పికీ అనే సైకాలజిస్టులు ప్రయోగం చేసి చూపించారు.

కానీ నన్ను నిజంగా కదిపింది ఏ స్టడీ కాదు. మూడో అసైన్‌మెంట్ చివర్లో ఒక అమ్మాయి చిన్న లైన్ రాసింది, "సార్, ఇవి ఎవరైనా చదువుతున్నారా?" అని. చదివా, మార్కులు కూడా వేశా, కానీ ఒక్క ముక్క తిరిగి రాయలేదు. ఆ అమ్మాయి దృష్టిలో నేను అసలు లేనట్టే కదా!

మామూలు క్లాసులో మొహాలు చూస్తే తెలిసిపోతుంది ఎవరికి ఎక్కలేదో, వెనక బెంచీ దగ్గరికి నడిచి వెళ్తే చాలు సగం డౌట్లు బయటికొస్తాయి. ఆన్‌లైన్‌లో అదేదీ దానంతటది జరగదు, పనిగట్టుకుని చెయ్యాలి. ఇప్పుడు నేను మొదటి వారమే ఒక్కొక్కరికీ పేరు పెట్టి మెసేజ్ రాస్తా. అసైన్‌మెంట్ వచ్చిన నాలుగు రోజుల్లో నిమిషం ఆడియో పంపుతా, ఎక్కడ దారి తప్పారో, ఏది బాగా పట్టుకున్నారో చెప్తా. వారం రోజులు లాగిన్ అవ్వకపోతే తిట్టకుండా "ఏమైంది, అంతా బాగేనా" అని అడుగుతా. ఇలా అడిగితే ఎంతమంది తిరిగొచ్చారో! ఒకబ్బాయికి నెట్ డేటా అయిపోయింది, ఇంకొకరి ఇంట్లో నలుగురికీ కలిపి ఒకటే ఫోన్. అందుకే కెమెరా ఆన్ పెట్టమని బలవంతం చెయ్యడం మానేశా, లైవ్‌కి రాలేని వాళ్లకి రికార్డింగ్, క్యాప్షన్లు, నోట్స్ తప్పనిసరిగా పెడుతున్నా.

ఇదంతా 60 మందికి చెయ్యగలం. బెంచీలు అక్కర్లేదు కదా అని ఒకే సెక్షన్‌లో 200 మందిని వేస్తే ఎలా చేస్తాం? పూర్తి ఆన్‌లైన్ కోర్సు ఒకటి సరిగ్గా తయారు చెయ్యడానికి మామూలుగా 6 నుంచి 9 నెలలు పడుతుందని ఈ రంగంలో పనిచేసేవాళ్లు 2020 మార్చిలోనే రాశారు, అప్పుడు మనం హడావుడిగా చేసిందాన్ని 'ఎమర్జెన్సీ రిమోట్ టీచింగ్' అనాలని, నిజమైన ఆన్‌లైన్ బోధనతో దాన్ని పోల్చొద్దని కూడా చెప్పారు. మేనేజ్‌మెంట్లు మాత్రం ఇప్పటికీ రెండు వారాలు టైమిచ్చి కోర్సు రెడీ చెయ్యమంటున్నాయి, ఫీడ్‌బ్యాక్ రాసే గంటలు వర్క్‌లోడ్‌లో ఎక్కడా కనపడవు. సాఫ్ట్‌వేర్ కొనడానికి డబ్బుంటుంది, దిద్దడానికి ఒక అసిస్టెంట్‌ని ఇవ్వమంటే ఉండదు. వచ్చే సెమిస్టర్ మీటింగ్‌లో నేను అడగబోయేది ఈ రెండే: సెక్షన్‌కి 60 మంది, దిద్దే గంటలకి లెక్క.