ప్రొటీన్ల మీది చక్కెరలు: ఏది చూసింది, ఏది ఊహించింది?

కరోనా వైరస్ స్పైక్‌లోని ఒక్కో ప్రొటీన్ గొలుసులో 22 చోట్ల నైట్రోజన్ ద్వారా చక్కెరలు అతుక్కోగలవు. ఇలా ప్రొటీన్లకు చక్కెర గొలుసులు చేరడాన్నే గ్లైకోసైలేషన్ అంటారు. ఆ సమాచారాన్నంతా ఒకచోట చేర్చే ఆన్‌లైన్ డేటాబేస్ కట్టాలంటే మంచి సాఫ్ట్‌వేర్ ఉంటే చాలనిపిస్తుంది. నా దృష్టిలో అది సులువైన పని. ఒక్కో ఎంట్రీని ఎంతవరకు నమ్మవచ్చో రాసిపెట్టడమే కష్టం, డేటాబేస్ విలువ కూడా అక్కడే ఉంది.

ప్రొటీన్‌లో అమైనో ఆమ్లాల వరసను జన్యువు నిర్ణయిస్తుంది. చక్కెర గొలుసుకు అలాంటి మూలప్రతి లేదు. కణంలోని ఎంజైములు అంచెలంచెలుగా దాన్ని కడతాయి, కత్తిరిస్తాయి. అందుకే ఒకే ప్రొటీన్‌లో, ఒకే స్థానంలో, ఒక అణువుకు ఒక గొలుసు, మరో అణువుకు ఇంకో గొలుసు ఉండొచ్చు. అసలేమీ లేకపోవచ్చు కూడా. అదే స్పైక్‌ను మనిషి కణాల్లో కాకుండా పురుగుల కణాల్లో తయారుచేస్తే గొలుసులు మారిపోతాయి. ఏ కణంలో తయారైందో చెప్పని ఎంట్రీతో పరిశోధకుడు ఏం చేసుకోవాలి?

ఇక స్థానాల సంగతి. ఆస్పరజీన్, తర్వాత ప్రోలీన్ కాని ఏదో ఒక అమైనో ఆమ్లం, ఆపైన సెరీన్ లేదా థ్రియోనీన్ వస్తే అక్కడ చక్కెర చేరే వీలుంది. వీలుంది, అంతే. చేరిందని కాదు. నిర్మాణం విషయంలో చిక్కు ఇంకా పెద్దది. గ్లూకోజ్, గాలక్టోజ్, మానోజ్ మూడింటి బరువూ ఒకటే. బరువును బట్టి గుర్తించే మాస్ స్పెక్ట్రోమెట్రీ ‘ఇక్కడ ఒక హెక్సోజ్ (ఆరు కార్బన్ల చక్కెర) ఉంది’ అని మాత్రమే చెబితే, మిగతాది తెలిసిన ఎంజైముల దారిని బట్టి పూరిస్తారు. అది తెలివైన ఊహే, తప్పేమీ లేదు. కానీ డేటాబేస్‌లోకి ఎక్కేసరికి ఊహకూ, చూసినదానికీ తేడా చెరిగిపోకూడదు. ఆ ఎంట్రీలతోనే అంచనా ప్రోగ్రాములకు శిక్షణ ఇస్తే, పాత ఊహ కొత్త రుజువుగా తిరిగొస్తుంది.

అందుకే ప్రతి ఎంట్రీలో జీవి, కణజాలం, వాడిన పద్ధతి, చక్కెరల మధ్య నేరుగా తేల్చిన బంధాలు, అనుకున్న బంధాలు విడివిడిగా ఉండాలి. వెతికినా చక్కెర కనబడని స్థానాలనూ నమోదు చేయాలి. ప్రయోగ వివరాలు ఎలా రాయాలో మిరాజ్ మార్గదర్శకాలు ఇప్పటికే చెబుతున్నాయి. బంధాలు పూర్తిగా తేలని నిర్మాణాలకు కూడా చక్కెర గొలుసుల నిర్మాణాలను నమోదు చేసే గ్లైటౌకాన్ అనే రిజిస్ట్రీ గుర్తింపు సంఖ్య ఇస్తుంది. తెలియనిదాన్ని తెలియనట్టే నమోదు చేయగలగడం చాలా మంచి పద్ధతి.

ఇదంతా మనుషులు కూర్చుని, పేపర్లు చదివి చేయాల్సిన పని. ఈ రంగంలో తొలి పెద్ద డేటాబేస్ కార్బ్‌బ్యాంక్ నిధులు ఆగిపోవడంతో 1990ల చివర్లో నిలిచిపోయింది. దాని ఎంట్రీలను తర్వాతి డేటాబేస్‌లు తీసుకున్నాయి కాబట్టి ఆ శ్రమ దక్కింది. కొత్త డేటాబేస్ కట్టడానికి గ్రాంటు ఇచ్చే సంస్థలు, ఆ ఎంట్రీలను ఏటా సరిచూసే నిపుణుల (క్యూరేటర్ల) జీతాన్నీ పరిశోధన ఖర్చుగానే లెక్కకట్టి అదే గ్రాంటులో చేర్చాలి.