ఎలుక కదలకపోతే నొప్పి తగ్గినట్టేనా?

ఫలానా మొక్క ఆకుల్లో నొప్పి తగ్గించే గుణం ఉంది, కణాలను చంపే గుణమూ ఉంది అంటూ ఒక పరిశోధన పత్రం వస్తుంది. వారం తిరక్కుండానే అది ‘నొప్పులు మాయం, క్యాన్సర్‌కూ విరుగుడు’ అనే పోస్టుగా మారి ఫోన్లలో తిరుగుతుంది. రెండు ఫలితాలనూ రెండు లాభాలుగా కలిపేసుకోవడం దగ్గరే నాకు పేచీ. నొప్పి మాత్రగా మింగాలనుకునే పదార్థం కణాలను చంపుతోందని తెలిస్తే సంబరపడటం మాని ముందు భయపడాలి.

అసలు నొప్పి తగ్గిందని ఎలా తేలుస్తారు? చిట్టెలుకకు ఆకుల సారం పట్టించి, కాసేపాగి పొట్టలోకి పలచటి ఎసిటిక్ ఆమ్లం ఎక్కిస్తారు. వెనిగర్‌లో ఉండేది అదే. ఎలుక పొట్ట బిగబట్టి, ఒళ్లు సాగదీసి, వెనక కాళ్లు చాపుతుంది. అలా ఎన్నిసార్లు మెలికలు తిరిగిందో పక్కన కూర్చున్న మనిషి పది ఇరవై నిమిషాలపాటు లెక్కపెడతాడు. మెలికలు తగ్గితే నొప్పి తగ్గినట్టు. పోలికకు డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు ఇచ్చిన గుంపు ఒకటి, ఏ మందూ ఇవ్వని గుంపు ఒకటి ఉంటాయి.

అయితే కండరాలు సడలించే మందు ఇచ్చినా మెలికలు తగ్గుతాయి. మత్తు ఎక్కినా తగ్గుతాయి. విషం తగిలి సొమ్మసిల్లినా తగ్గుతాయి. 55 డిగ్రీల వేడి పలక మీద పెట్టి కాళ్లు నాకడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూసే పరీక్షలోనూ ఇదే గొడవ, మగతగా ఉన్న ఎలుక ఆలస్యంగానే స్పందిస్తుంది. అందుకే తిరిగే కడ్డీ మీద నిలబెట్టి, జారి పడుతుందో లేదో కూడా చూడాలి. ఈ చిన్న పరీక్ష చేయని పత్రాలను చూస్తే నాకు చిరాకు. లెక్కపెట్టే మనిషికి ఏ ఎలుకకు ఏది ఇచ్చారో తెలియకూడదు కూడా. తెలిస్తే, సగం తిరిగిన మెలికను లెక్కలో వేయాలా వద్దా అన్నది అతని ఆశను బట్టి మారిపోతుంది.

కణాల సంగతికొస్తే, చాలా పత్రాల్లో అసలు క్యాన్సర్ కణమే ఉండదు. రొయ్య పిల్లలకు మేతగా వేసే ఆర్టీమియా అనే చిన్న ఉప్పునీటి జీవి ఉంటుంది. అప్పుడే పొదిగిన పది పిల్లల్ని సారం కలిపిన ఉప్పునీటిలో వదిలి, 24 గంటల తర్వాత ఎన్ని బతికాయో చూస్తారు. 1982లో మొక్కల సారాలకు ఈ పద్ధతిని ప్రతిపాదించినవాళ్లు చవకైన తొలి వడపోతగానే చూపారు. మిల్లీలీటరుకు 1000 మైక్రోగ్రాముల లోపు సగం చస్తే సారంలో ఏదో ఉందని లెక్క. సబ్బునీళ్లలోనూ అవి చస్తాయి మరి.

నిజమైన కణాల మీద చేసినా తిప్పలు తప్పవు. బతికున్న కణాలు ఎంటీటీ అనే పసుపు రంగు పదార్థాన్ని ఊదాగా మారుస్తాయి. కొన్ని మొక్కల సారాలు కణమే లేకుండా ఆ పని చేసేస్తాయి, చచ్చిన కణాలు బతికున్నట్టు కనిపిస్తాయి. అన్నిటికంటే ముఖ్యంగా, పక్కనే ఆరోగ్యమైన కణాలను పెట్టి చూడాలి. రెండూ ఒకే మోతాదుకు చస్తుంటే దాన్ని మందు అనడమెందుకు, విషమనే అనొచ్చు.

మోతాదు లెక్క కూడా వేసి చూద్దాం. చిట్టెలుకకు కిలో బరువుకు 400 మిల్లీగ్రాములు ఇచ్చారనుకోండి. శరీర ఉపరితలాన్ని బట్టి మనిషికి మార్చేటప్పుడు దాన్ని సుమారు 12తో భాగిస్తారు. 60 కిలోల మనిషికి రెండు గ్రాముల సారం కావాలి. ఎండుటాకులో పదో వంతు సారం దిగితే, ఒక్క డోసుకు 20 గ్రాముల ఎండుటాకు!

బిళ్ళగన్నేరు నుంచి విన్‌క్రిస్టీన్ రాలేదా అని అడుగుతారు. వచ్చింది, 1963 నుంచి అమెరికాలో అనుమతి ఉన్న క్యాన్సర్ మందు అది. కణం చీలడానికి కావాల్సిన సన్నటి గొట్టాలను అది అడ్డుకుంటుంది. నరాలకూ ఆ గొట్టాలే ఆధారం. అందుకే ఒక్క డోసులో సాధారణంగా 2 మిల్లీగ్రాములు దాటనివ్వరు. అంత జాగ్రత్తగా ఎక్కించినా చాలామందికి వేళ్లు తిమ్మిరెక్కుతాయి, కొందరికి నరాల నొప్పి మొదలవుతుంది.