తిండిపోతు ఇంట్లో మిగతావాళ్ళు

రాత్రి పదకొండు దాటాక ఫ్రిజ్ తలుపు తీసి, ఆ వెలుగులో నిలబడే తినడం నాకున్న దురలవాటు. ఆకలి ఉండదు. పళ్ళెం తీయను, వేడి చేయను, కూర్చోను. పళ్ళెం తీస్తే అది భోజనమైపోతుంది. నిలబడి తిన్నది లెక్కలోకి రాదని నాకు నేను చెప్పుకునే సాకు. ఈమధ్య అలాగే ఓ గిన్నె అడుగంటా ఊడ్చాక తెలిసింది, అది పని ముగించుకుని ఆలస్యంగా వచ్చే మనిషి కోసం మూత పెట్టి ఉంచినదని. ఆ మనిషి వచ్చింది. మూత తీసి చూసి, మళ్ళీ పెట్టేసి, మంచినీళ్ళు తాగి పడుకుంది. ఒక్క మాట అని ఉంటే నాకు తేలికగా ఉండేది.

తిండియావ గురించి మాట్లాడేటప్పుడు మనం ఎప్పుడూ తినేవాడి పొట్ట దగ్గరే ఆగిపోతాం. ఎన్ని ముద్దలు, ఎన్ని కేలరీలు, ఎన్ని కిలోలు. ఒక పూట తింటే యోగి, రెండు పూటలు తింటే భోగి, మూడు పూటలు తింటే రోగి అన్న సామెతదీ అంకెల లెక్కే. పాత సాహిత్యాన్ని తిరగేస్తే ఈ లెక్కకు అంత గౌరవం కనిపించదు. గొప్ప కవులు తిండిపోతు కంచాన్ని ఒకసారి చూపించి, ఆ తర్వాత చాలాసేపు వాడి చుట్టూ ఉన్నవారి ముఖాలు చూపిస్తారు. ఎంత తిన్నాడని కాక, ఆ తిండి ఖర్చు ఎవరి మీద పడిందని వాళ్ళు అడుగుతారు. మన ఇళ్ళలో అడగాల్సిన ప్రశ్న కూడా ఇదేనని నా వాదన.

భీముణ్ణే తీసుకోండి. వృకోదరుడు, అంటే తోడేలు పొట్టవాడు. ఏకచక్రపురంలో పాండవులు తెచ్చిన భిక్షలో సగం భీముడొక్కడికే; మిగిలిన సగం కుంతికీ నలుగురు అన్నదమ్ములకూ. ఇంత అసమానమైన పంపకాన్ని భారతం తప్పుపట్టదు. అది అందరికీ తెలిసి, అందరి ఎదుటా జరిగే పంపకం. అదే ఊరి బయట బకాసురుడున్నాడు. బండెడు అన్నం, బండికి కట్టిన రెండు దున్నలు, బండి తోలుకొచ్చిన మనిషి, అన్నీ ఒకే వరసలో వాడి నోట్లోకి పోతాయి. అన్నానికీ అన్నం తెచ్చినవాడికీ మధ్య గీత చెరిగిపోవడమే వాడి రాక్షసత్వం. ఆ బండి భీముడి చేతికొచ్చిన రోజున అతను రాక్షసుణ్ణి పేరుపెట్టి పిలుస్తూ తానే తినడం మొదలుపెడతాడు. బకుడు వెనకనుంచి రెండు చేతులా వీపు మీద గుద్దుతున్నా వెనక్కి తిరగడు. మొత్తం తిని, చేయి కడుక్కుని, అప్పుడు లేచి పోరుకు నిలబడతాడు. బండెడు అన్నం ఇద్దరూ తినగలరు. భీముడు మాత్రం తమకు చోటిచ్చిన ఇంట్లోని ఒక ప్రాణానికి బదులుగా వెళ్ళాడు.

ఫోనులో నాలుగు చోట్ల నొక్కితే తిండి గుమ్మం ముందుకొచ్చే రోజులివి. సంచి అందుకుంటాం, తెచ్చినవారి ముఖం చూడకుండానే తలుపు వేసుకుంటాం, పది నిమిషాల ఆలస్యానికి రెండు నక్షత్రాలు కోసేస్తాం. దీన్ని బకుడితో పోల్చడం మోటుగానే ఉంటుంది. కానీ ఆ నక్షత్రాలు ఎవరి కూడులోంచి కోస్తున్నామో ఆలోచిస్తే పోలిక మరీ దూరం కాదు.

తిండియావ మీద ఇంతకంటే భయంకరమైన కథ గ్రీకులది. ఎరిసిక్థోన్ అనేవాడు పంటల దేవత డిమీటర్ వనంలో చెట్టు నరుకుతాడు. క్రీ.పూ. 3వ శతాబ్దపు కవి కల్లిమాకస్ చెప్పిన కథలో ఆ కలప దేనికో తెలుసా? స్నేహితులకు విందులిచ్చే మండపం పైకప్పుకు! దేవత శపిస్తుంది: ఎంత తిన్నా తీరని ఆకలి. ఇక్కడ కవి చేసిన పని నన్ను చాలాకాలం వదల్లేదు. కొడుకు లోపల గదిలో తింటూనే ఉంటాడు. బయట తల్లి వచ్చినవాళ్ళకు అబద్ధాలు చెబుతుంటుంది. ఒకరితో, రావాల్సిన ఎడ్లు వసూలు చేసుకోవడానికి పొరుగూరు వెళ్ళాడంటుంది. పెళ్ళికి పిలవడానికి వచ్చినవారితో, అడవిపంది పొడిచింది, తొమ్మిది రోజులుగా మంచం మీదే ఉన్నాడంటుంది. రథం మీంచి పడ్డాడని ఇంకోసారి. ఏ వ్యసనమున్న ఇంటి గుమ్మం దగ్గరైనా ఈ మాటలు వినబడతాయి. సాకులు వెతకడంలో ఆరితేరేది వ్యసనపరుడి కంటే ముందు ఇంట్లోవాళ్ళే.

రోమన్ కవి ఓవిడ్ ఇదే కథను మరింత కిందికి తీసుకెళ్ళాడు. నిద్రలో ఉన్న ఎరిసిక్థోన్‌లోకి ఆకలిదేవత ఊపిరి ఊదుతుంది. వాడు కలలో విందు కంటూ ఖాళీ నోటిని నములుతుంటాడు, పన్ను మీద పన్ను అరగదీస్తుంటాడు. మెలకువ వచ్చాక కంచం ముందు కూర్చునే ఇంకో కంచం కోసం వెతుకుతాడు. ఆస్తి అయిపోతుంది. కూతుర్ని అమ్ముతాడు. రూపం మార్చుకునే వరమున్న ఆ పిల్ల తప్పించుకుని ఇంటికొస్తే, మళ్ళీ అమ్ముతాడు, మళ్ళీ మళ్ళీ. చివరికి తన ఒళ్ళు తానే కొరుక్కు తింటాడు. చివరి దృశ్యమే అందరికీ గుర్తుంటుంది గానీ, కథ అంతకు ముందే, కూతురి తొలి బేరం దగ్గరే ముగిసింది. ఇక ఆ ఖాళీ దవడల సంగతి: కడుపునిండా తిని మంచమెక్కి, ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు గుటకలేస్తూ తినే వీడియోలు ఒకటి తర్వాత ఒకటి చూస్తున్నప్పుడు మీ దవడ కదులుతోందేమో ఒకసారి తడిమి చూసుకోండి. నాది కదిలింది.

అగ్నిహోత్రుడి అజీర్తి కథ మనకు తెలిసిందే, కానీ తేలిగ్గా తీసుకుంటాం. శ్వేతకి అనే రాజు పన్నెండేళ్ళు ఎడతెగకుండా పోసిన నెయ్యి తాగి తాగి అగ్నికి అరుగుదల పోయింది, తేజస్సు తగ్గింది. మందు? ఖాండవ వనం మొత్తం తినడం. అతి తెచ్చిన జబ్బుకు ఇంకో అతి వైద్యమైంది. దహనంలో ఆరు ప్రాణులు మాత్రం బయటపడ్డాయి: తక్షకుడి కొడుకు అశ్వసేనుడు, మయుడు, నాలుగు పక్షిపిల్లలు. ఒకరి కడుపుబ్బరానికి ఒక అడవి! పండగల నెలంతా ఇష్టమొచ్చినట్టు తిని, మర్నాటినుంచి కటిక ఉపవాసం ప్రకటించి, ఆ చిరాకంతా ఇంటిల్లిపాది మీద చూపించే పెద్దమనుషులు నాకు బాగా తెలుసు. నియమం వాళ్ళది, సెగ మిగతావాళ్ళది.

ఇక్కడే చాలామంది గుర్తించని ఇంకో తిండిపోతు ఉంది. ఆమె పిట్టంత తింటుంది. ఇంగ్లీషు రచయిత సి.ఎస్. లూయిస్ 1942లో అచ్చువేసిన 'స్క్రూటేప్ లెటర్స్'లో ఒక ముసలి దయ్యం తన మేనల్లుడికి ఉత్తరాల్లో పాఠాలు చెబుతుంది. అందులో ఒక పెద్దావిడ ప్రస్తావన వస్తుంది. ఏది పెట్టినా నిట్టూర్చి పక్కకు నెడుతుంది. తనకు కావలసిందల్లా ఒక్క కప్పు టీ, పల్చగా ఉండాలి కానీ మరీ పల్చగా కాదు. ఓ చిన్న రొట్టెముక్క, అది కరకరలాడాలి. పనితో సతమతమవుతున్న హోటల్ అమ్మాయి కంచం పెడితే, అమ్మో ఇంత ఎక్కువా, తీసుకెళ్ళి ఇందులో పావు వంతు పట్టుకురా అంటుంది. తినేది తక్కువ కాబట్టి తాను మితాహారినని ఆమె నమ్మకం. ఇంట్లో అందరూ ఆమె నాలుక చుట్టూ తిరుగుతుంటారు. 6వ శతాబ్దంలోనే పోప్ గ్రెగరీ తిండియావకు ఐదు దారులు చెప్పాడు. ఎక్కువ తినడం వాటిలో ఒకటి మాత్రమే, అతి నాజూకుతనం మరొకటి. గ్రాముల్లో తూచుకుంటూ, వండినవారు పక్కన నిలబడి ఉండగానే ప్రతి ముద్దకూ ఫోనులో అంకెలు ఎక్కించుకునే మనకు ఈ పెద్దావిడ దగ్గరి చుట్టమే.

అన్నట్టు, లావుగా కనిపించిన ప్రతివారికీ తిండిపోతు అన్న పేరు తగిలించే హక్కు ఈ కథలేవీ ఇవ్వవు. బరువు వెనుక వంశం, మందులు, హార్మోన్లు, నిద్ర ఇలా చాలా ఉంటాయి. నాలాంటి సన్నటివాళ్ళు ఫ్రిజ్ ముందు చేసే పనులు ఎవరి కంటా పడవు.

ఇటలీ కవి దాంతే తన 'డివైన్ కామెడీ' కావ్యంలో పరలోకయాత్ర చేస్తూ తిండిపోతులను రెండుసార్లు కలుస్తాడు. నరకంలో వాళ్ళు ఆగని చల్లని వానలో బురదలో పడి ఉంటారు. కాపలాకు మూడు తలల కుక్క. దాని నోళ్ళు మూయించడానికి, దాంతేకు దారి చూపే ప్రాచీన కవి వర్జిల్ గుప్పెళ్ళతో మట్టి తీసి విసురుతాడు, కుక్క దాన్నే మింగి ఊరుకుంటుంది. రెండోసారి, చనిపోయినవాళ్ళు పాపాలు కడుక్కుంటూ పైకెక్కే ప్రక్షాళన పర్వతం మీద. అక్కడివాళ్ళు కళ్ళు గుంటలు పడి, ఎముకలకు చర్మం అంటుకుని, పళ్ళ వాసన వేసే చెట్టు చుట్టూ తిరుగుతుంటారు. వారిలో ఒకడు దాంతే పాత స్నేహితుడు ఫొరేసె. ముఖం చూసి దాంతే గుర్తుపట్టలేడు, గొంతు విని గుర్తుపడతాడు. చనిపోయి ఐదేళ్ళయినా కాలేదు, ఇంత త్వరగా ఇంత పైకి ఎలా వచ్చావని అడుగుతాడు. నా భార్య నెల్లా కన్నీళ్ళు, ప్రార్థనలు తెచ్చాయి అంటాడు ఫొరేసె.