విడుదల రోజు అంకెను చూసి ఐదు వేలు పెట్టవద్దు

కొత్త గేమ్ ఏదైనా వస్తోందంటే మన గేమర్ల వాట్సాప్ గ్రూపుల్లో ముందుగా తిరిగేది పత్రికల సమీక్షలకు సగటు కట్టి చూపే మెటాక్రిటిక్ సైటులో దానికి ఎంత వచ్చిందన్న అంకె. తొంభై దాటింది కాబట్టి కళ్లు మూసుకుని కొనవచ్చని ఒకరు, ఆ సమీక్షలన్నీ డబ్బిచ్చి రాయించుకున్నవేనని మరొకరు వాదనకు దిగుతారు. డబ్బు తీసుకుని రాసేవాళ్లు ఉండవచ్చు గాని, నాకు తెలిసినంతలో కొనేవాళ్లు ఎక్కువగా నష్టపోయింది నిజాయితీగా రాసిన సమీక్షలను నమ్మినందువల్లనే. ఆ సమీక్షను ఏ యంత్రం మీద ఆడి రాశారో, ఎప్పుడు రాశారో, ఎవరు పెట్టిన షరతులకు లోబడి రాశారో పైన కనిపించే అంకె చెప్పదు. మనం మాత్రం ఆ అంకెను చూసే డబ్బు కట్టేస్తాం.

సైబర్‌పంక్ 2077 ఉదంతాన్ని చాలామంది బగ్గుల, అంటే ప్రోగ్రామ్ లోపాల, కథగా గుర్తు పెట్టుకున్నారు. నా దృష్టిలో అది అంతకన్నా ఎక్కువగా సమీక్షల కథ. పోలండ్‌కు చెందిన సీడీ ప్రాజెక్ట్ రెడ్ ఆ గేమ్‌ను 2020 డిసెంబర్ 10న విడుదల చేసింది. అంతకు మూడు రోజుల ముందే సమీక్షలు వెలువడ్డాయి, సగటు తొంభై దగ్గర నిలిచింది. అయితే విడుదలకు ముందు సమీక్షకుల చేతికి అందినది పీసీ కాపీ మాత్రమే. టీవీకి తగిలించి ఆడే కన్సోళ్లైన ప్లేస్టేషన్ 4, ఎక్స్‌బాక్స్ వన్ కాపీలు వాళ్లకు ఇవ్వలేదు. పైగా తాము ఆడుతూ రికార్డు చేసుకున్న దృశ్యాలను ఆ తొలి సమీక్ష వీడియోల్లో చూపకూడదని, కంపెనీ పంపిన దృశ్యాలనే వాడాలని షరతు పెట్టారు. పుచ్చకాయకు గాటు పెట్టి ఎర్రటి ముక్కను చూపించే వ్యాపారి, గాటు ఎక్కడ పెట్టాలో తానే ఎంచుకుంటాడు. ఆ ముక్క తియ్యగా ఉందని చెప్పినవాడు అబద్ధమాడినట్టు కాదు గాని, కాయ మొత్తం గురించి అతనికి తెలిసింది అంతే.

ఆ తర్వాత జరిగింది అందరికీ తెలుసు. పాత కన్సోళ్ల మీద ఆ గేమ్ నత్తనడక నడిచింది, మధ్యలో ఆగిపోయింది, ఎదురుగా నిలబడిన మనుషుల ముఖాలు సైతం పూర్తిగా రాకుండానే తెర మీద కనిపించాయి. ప్లేస్టేషన్ 4 వెర్షన్‌కు మెటాక్రిటిక్ సగటు చివరకు 57కు చేరింది. సోనీ డిసెంబర్ 17న ఆ గేమ్‌ను తన స్టోర్ నుంచి తొలగిస్తున్నట్టు ప్రకటించి, కొన్నవాళ్లకు డబ్బు వెనక్కి ఇస్తామంది. మళ్లీ అమ్మకానికి పెట్టింది 2021 జూన్‌లో. కాని విడుదల నాటికే 80 లక్షల ప్రీ-ఆర్డర్లు పూర్తయ్యాయి. ఇందులో మనవాళ్లకు సంబంధించిన ఒక సంగతిని మాత్రం ఎవరూ పెద్దగా ప్రస్తావించలేదు. ప్లేస్టేషన్ 5 భారతదేశంలో అధికారికంగా అమ్మకానికి వచ్చింది 2021 ఫిబ్రవరి 2న. అంటే సైబర్‌పంక్ వచ్చిన రోజున హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ప్లేస్టేషన్ మీద ఆడేవాడి ఇంట్లో ఉన్నది దాదాపుగా ప్లేస్టేషన్ 4 మాత్రమే. ఏ వెర్షన్‌ను సమీక్షకులకు చూపించకుండా దాచారో, సరిగ్గా ఆ వెర్షన్‌నే మనవాళ్లు కొన్నారు. వాళ్లు చదివిన సమీక్షల్లో అబద్ధం ఒక్కటీ లేదు. అవి వాళ్లు కొన్న వస్తువు గురించి రాసినవి కావు, అంతే.

ఈ నేరంలో అభిమానులకూ వాటా ఉందని చెప్పక తప్పదు. విడుదలకు ముందే గేమ్‌స్పాట్ అనే సమీక్షల సైటు దానికి పదికి ఏడు ఇచ్చి, బగ్గులు అనుభవాన్ని ఎలా పాడు చేస్తున్నాయో వివరంగా రాసింది. ఇంకా ఆ గేమ్‌ను కంటితో చూడనివాళ్లు ఆ సమీక్షకురాలి మీద విరుచుకుపడ్డారు. ముందే డబ్బు కట్టేసినవాడికి తన నిర్ణయం సరైనదేనని ఎవరైనా ధ్రువీకరిస్తే చాలు. కాదన్నవాడు శత్రువుగా కనిపిస్తాడు. ప్రీ-ఆర్డర్ చేసిన తర్వాత సమీక్ష చదవడం వల్ల ప్రయోజనం ఏమిటో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇది తిరగబడి జరిగిన సందర్భం కూడా ఉంది. 2015 జూన్‌లో బ్యాట్‌మ్యాన్: ఆర్ఖామ్ నైట్ వచ్చినప్పుడు సమీక్షకులు ఆడింది ప్లేస్టేషన్ 4 మీద, అక్కడ అది చక్కగా నడిచింది. ఆ ప్రశంసలు చూసి పీసీలో కొన్నవాళ్లకు ఎంత ఖరీదైన గ్రాఫిక్స్ కార్డు ఉన్నా తడబడే గేమ్ దక్కింది. ప్రచురణకర్త వార్నర్ బ్రదర్స్ రోజుల వ్యవధిలోనే పీసీ అమ్మకాలను నిలిపివేసి, అక్టోబర్ చివరి దాకా మళ్లీ మొదలుపెట్టలేదు. పీసీ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో డబ్బు వాపసు తీసుకునే సదుపాయం సరిగ్గా అదే జూన్ నెల మొదట్లో వచ్చింది కాబట్టి చాలామంది బయటపడ్డారు. ఆ గేమ్ ఒక్క నెల ముందు వచ్చి ఉంటే వాళ్ల గతి ఏమయ్యేదో ఊహించుకోవచ్చు.

యంత్రం సంగతి అలా ఉంచితే, సమయం తెచ్చిపెట్టే చిక్కు ఇంకొకటి. ఆన్‌లైన్‌లో మాత్రమే నడిచే గేమ్‌ను విడుదలకు ముందు ఆడే సమీక్షకుడికి సర్వర్ల మీద రద్దీ అంటే ఏమిటో తెలిసే వీలు లేదు. 2013 మార్చిలో సిమ్‌సిటీకి పాలిగన్ అనే పత్రిక మొదట 9.5 ఇచ్చింది. జనం ఒక్కసారిగా వచ్చి పడేసరికి సర్వర్లు కుప్పకూలాయి. ఆ పత్రిక తన అంకెను 8కి, తర్వాత 4కు దించి, పరిస్థితి కాస్త కుదుటపడ్డాక 6.5కు పెంచింది. దీన్ని వెక్కిరించినవాళ్లు చాలామంది ఉన్నారు గాని, నేను మాత్రం ఆ పత్రికను మెచ్చుకుంటాను. మారిపోతున్న వస్తువుకు మారని అంకెను తగిలించి చేతులు దులుపుకున్న మిగతా పత్రికల కంటే అది చదువరికి ఎక్కువ మేలు చేసింది. నో మ్యాన్స్ స్కై విషయం చూడండి. 2016లో వచ్చినప్పుడు స్టీమ్‌లో జనం దాన్ని తిట్టిపోశారు, ఆ తిట్లు అప్పటికి న్యాయమైనవే. కాని దాన్ని తయారు చేసిన హలో గేమ్స్ ఏళ్ల తరబడి ఉచితంగా చేర్చిన మార్పుల తర్వాత ఈనాడు దాన్ని కొనేవాడికి 2016 నాటి సమీక్ష ఎందుకూ పనికిరాదు.

మరి ఈ షరతులకు పత్రికలు ఎందుకు ఒప్పుకుంటున్నాయి? ఎంబార్గో, అంటే అంతకుముందు సమీక్ష వేయకూడదని కంపెనీ పెట్టిన గడువు, ముగిసిన క్షణంలో సమీక్ష వేయగలిగిన పత్రికకే పాఠకులు వస్తారు, వారం ఆలస్యమైతే ఎవరూ చూడరు. ముందస్తు కాపీ ఇవ్వడమూ మానడమూ పూర్తిగా కంపెనీ చేతిలోనే ఉంటుంది. 2016 అక్టోబర్‌లో బెథెస్డా అనే గేమ్ కంపెనీ, ఇకమీదట సమీక్షకులకు విడుదలకు ఒక్క రోజు ముందే కాపీలు ఇస్తామని బహిరంగంగానే ప్రకటించింది. సమీక్ష చదివి కొందామనుకునేవాళ్లు ఆగవచ్చని కూడా చెప్పింది. నిజం చెప్పాలంటే పరిశ్రమ మనకు ఇచ్చిన సలహాల్లో నాకు నచ్చినది ఇదొక్కటే.

ప్రకటనల ఒత్తిడి కట్టుకథ కాదు. 2007 నవంబర్‌లో కేన్ అండ్ లించ్ అనే గేమ్‌కు గేమ్‌స్పాట్ సంపాదకుడు జెఫ్ గెర్స్ట్‌మన్ పదికి ఆరు ఇచ్చాడు. ఆ సమయంలో అదే సైటు నిండా ఆ గేమ్ ప్రకటనలు ఉన్నాయి. కొద్ది రోజులకే అతని ఉద్యోగం పోయింది. ఆ సమీక్షకూ ఉద్యోగం పోవడానికీ ఉన్న సంబంధాన్ని అతడు 2012లో బాహాటంగా చెప్పగలిగాడు. అయినా పత్రికల్లో కనీసం ప్రకటన ఒక పక్క, సమీక్ష ఒక పక్క కనిపిస్తాయి. యూట్యూబ్‌లో ఆ గీత చెరిగిపోయింది. 2014లో మిడిల్-ఎర్త్: షాడో ఆఫ్ మోర్డార్ కోసం వార్నర్ బ్రదర్స్ కొందరు యూట్యూబర్లకు వేల డాలర్లు ఇచ్చి, గేమ్‌ను పొగడాలనీ బగ్గులు చూపించకూడదనీ ఒప్పందాలు రాయించుకుందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ అభియోగం మోపింది, 2016లో రాజీ కుదిరింది.

మన దగ్గర కూడా నియమాలు లేకపోలేదు. 2023 జనవరిలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఇన్‌ఫ్లుయెన్సర్లకు మార్గదర్శకాలు విడుదల చేసింది. డబ్బు గాని, ఉచిత వస్తువు గాని, ప్రయాణ ఖర్చులు గాని తీసుకుంటే ఆ సంగతి స్పష్టంగా చెప్పాలి. లైవ్ స్ట్రీమ్ అయితే ఆ ప్రకటన మొదటి నుంచి చివరి దాకా తెర మీద ఉండాలి. వీడియో ఏ భాషలో ఉందో వెల్లడి కూడా ఆ భాషలోనే ఉండాలి. అంటే తెలుగులో స్ట్రీమ్ చేసేవాళ్లు తెలుగులోనే చెప్పాలి. నేను చూసే ఒక ఛానల్‌లో ఆ వెల్లడి వీడియో కింద, వర్ణనలో, పది హ్యాష్‌ట్యాగుల మధ్య, ఇంగ్లిష్‌లో ఒకే ఒక్క మాటగా నక్కి ఉంటుంది. అది నియమాన్ని పాటించడం కాదు. ‘తమ్ముళ్లూ, ఈ గేమ్ మిస్ అవ్వద్దు’ అని చొరవగా చెప్పే గొంతును పదిహేనేళ్ల కుర్రవాడు సొంత అన్న మాటలా నమ్ముతాడు. ఆ గొంతుకు ఎవరు ఖర్చు పెట్టారో తెలుసుకునే హక్కు వాడికి ఉంది.

ఇక మామూలు ఆటగాళ్లు రాసే సమీక్షల సంగతి. విమర్శకుల్ని నమ్మలేం కాబట్టి జనం మాటే నమ్ముదామనేవాళ్లకు ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ 2ను గుర్తు చేస్తాను. 2020 జూన్ 19న అది విడుదలైనప్పుడు విమర్శకుల సగటు 93. విడుదలైన కొన్ని గంటల్లోనే మెటాక్రిటిక్‌లో పాఠకుల సగటు పదికి మూడు, నాలుగు మధ్యకు పడిపోయింది. పూర్తి చేయడానికి ఇరవై గంటలకు పైగా పట్టే గేమ్‌ను అంత త్వరగా ఎవరు ముగించారో దేవుడికే తెలియాలి. విడుదలైన 36 గంటల దాకా పాఠకుల సమీక్షలు తీసుకోకూడదని ఆ సైటు ఆ తర్వాత నియమం పెట్టుకోవలసి వచ్చింది.

అయితే కోపంతో రాసినవన్నీ చెత్త అనుకోవడం కూడా తొందరపాటే. 2024 మేలో హెల్‌డైవర్స్ 2ను పీసీలో ఆడేవాళ్లు ప్లేస్టేషన్ ఖాతా తెరవడం తప్పనిసరి అని సోనీ ప్రకటించేసరికి స్టీమ్‌లో రెండు లక్షలకు పైగా ప్రతికూల సమీక్షలు వచ్చి పడ్డాయి, కొద్ది రోజుల్లోనే సోనీ వెనక్కి తగ్గింది. ప్లేస్టేషన్ సేవలే లేని దేశాల్లో డబ్బు పెట్టి కొన్నవాళ్లకు అది బతుకు సమస్య వంటిదే. కాని భారతదేశంలో ఆ సేవలు ఉన్నాయి కాబట్టి, ఆ వారం కొందామనుకున్న మనవాడికి ఆ ఎర్రటి అంకె ఆట ఎలా ఉందో ఏమీ చెప్పలేదు. నిరసనగా అది గొప్పగా పనిచేసింది, సమీక్షగా పనిచేయలేదు. దాన్ని తెలుసుకోవాలంటే అంకె దగ్గర ఆగకుండా నాలుగు వాక్యాలు చదవాలి.

ఇంత చెప్పి సమీక్షలు చదవవద్దని నేను అనను. స్టీమ్‌లో ప్రతి సమీక్ష పక్కన రాసినవాడు ఎన్ని గంటలు ఆడాడో ఉంటుంది, ఇటీవలి సమీక్షలను విడిగా చూపిస్తారు. కొనే ముందు నేను చదివేది విడుదలైన రెండు వారాల తర్వాత, నా దగ్గర ఉన్నంత పాత గ్రాఫిక్స్ కార్డుతోనే ఆడి, వద్దన్నవాళ్లు రాసినవి. వాళ్లు చెప్పే కారణం నన్ను బాధించేదైతే వదిలేస్తాను. కథ నెమ్మదిగా ఉందనో, పోరాటాలు తక్కువనో అయితే అది నాకు సమస్య కాదు కాబట్టి కొంటాను. పొగిడిన సమీక్షల్లో ఇంత సమాచారం దొరకదు. తొమ్మిది వందల గంటలు ఆడి ఇది చెత్త గేమ్ అని రాసేవాళ్లు కూడా ఉంటారనుకోండి. వాళ్లను వినోదం కోసం చదువుతాను.

అంకె చెప్పని మరో విషయం ధర. ప్లేస్టేషన్ 5లో సోనీ తెచ్చే పెద్ద గేమ్ అమెరికాలో 70 డాలర్లు, ఇక్కడ 4,999 రూపాయలు. అక్కడి జీతంతో ఆ 70 డాలర్లకు తగినదే అని తేల్చిన సమీక్షకుడి లెక్క, ఇక్కడ నెలకు పాతిక వేలు తెచ్చుకునే కుర్రవాడి లెక్క ఒకటి ఎలా అవుతాయి? డిస్కు కొని, ఆడి, మూడు వారాల్లో తిరిగి అమ్ముకుంటే ఎంత మిగులుతుందన్నది మన దగ్గర కొనుగోలు నిర్ణయంలో సగం. డిజిటల్‌గా కొంటే ఆ దారి మూసుకుపోతుంది. స్టీమ్‌లో కొన్న పద్నాలుగు రోజుల్లోపు, రెండు గంటలకు మించి ఆడకపోతే అడిగితే డబ్బు వెనక్కి వస్తుంది. ప్లేస్టేషన్ స్టోర్‌లో డౌన్‌లోడ్ మొదలుపెట్టాక, గేమ్‌లో లోపం ఉంటే తప్ప, ఆ అవకాశం లేదు. కాబట్టి కన్సోల్ ఉన్నవాడికి సమీక్ష మరింత అవసరం.

తెలుగులో గేమ్ వీడియోలు చేసేవాళ్లను నేను కోరేది ఇంతే. ఏ యంత్రం మీద ఎన్ని గంటలు ఆడారో, కాపీ కొన్నారో కంపెనీ ఇచ్చిందో, వీడియో మొదటి నిమిషంలోనే తెలుగులో చెప్పండి. పదికి ఎంత అన్నది ఆ తర్వాత మీ ఇష్టం, చెప్పకపోయినా మేము ఏమీ అనుకోము.