పేరులో టెక్నాలజీ ఉంటే చాలదు, కోడ్‌లో ఉండాలి

అమెరికాలో ఎంఎస్‌కు పిల్లల్ని పంపే ఇళ్లలో ర్యాంకుల గురించి నెలల తరబడి చర్చ నడుస్తుంది. ఫీజు, చలి, ఆ ఊళ్లో మనవాళ్లెందరు అన్నీ ఆరా తీస్తారు. కోర్సు ఏ విభాగం కిందికి వస్తుందో చెప్పే సీఐపీ కోడ్‌ ఏమిటని అడిగేవారు అరుదు. విద్యార్థి వీసా కోసం విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రంలో కోర్సు పేరు పక్కన ఉండే ఆ ఆరంకెలే అసలు భవిష్యత్తు తేలుస్తాయి.

చదువుకు సంబంధించిన ఉద్యోగం అక్కడ చేసుకోనిచ్చే అనుమతి, ఓపీటీ, అందరికీ 12 నెలలు. హోంలాండ్‌ సెక్యూరిటీ శాఖ స్టెమ్‌ (సైన్స్‌, టెక్నాలజీ, ఇంజినీరింగ్‌, గణితం) జాబితాలో కోడ్‌ ఉన్నవారికి మరో 24 నెలలు. ఏటా 85,000 హెచ్‌-1బీ ఉద్యోగ వీసాలకు తీసే లాటరీలో పేరు ఒక్కసారి పడటానికీ, మూడుసార్లు పడటానికీ ఉన్న తేడా అదే.

జాబితా ప్రభుత్వానిది. కోర్సుకు కోడ్‌ పెట్టేది మాత్రం విశ్వవిద్యాలయం. అందుకే డేటాబేస్‌లు, ప్రోగ్రామింగ్‌ నేర్పే ఇన్ఫర్మేషన్‌ సిస్టమ్స్‌ కోర్సు ఒకచోట 11తో మొదలయ్యే కంప్యూటర్‌ కోడ్‌తో స్టెమ్‌ అవుతుంది. ఇంకోచోట బిజినెస్‌ స్కూలులో పుట్టిన పాపానికి 52తో మొదలయ్యే కోడ్‌ తగిలించుకుని జాబితా బయట నిలబడుతుంది. పాఠాలు అవే, అప్పు అంతే, గడువులో రెండేళ్లు కోత!

దీన్ని సరిదిద్దమని కోరడం దయ అడగడం కాదు. యేల్‌ తన ఎకనామిక్స్‌ కోర్సును స్టెమ్‌ జాబితాలో ఉన్న ఎకనామెట్రిక్స్‌ (గణాంకాలతో చేసే అర్థశాస్త్రం) కోడ్‌లోకి మార్చుకుంది. 2022 జనవరిలో ప్రభుత్వం చేర్చిన 22 విభాగాల్లో డేటా సైన్స్‌, బిజినెస్‌ అనలిటిక్స్‌తో పాటు అటవీశాస్త్రం, మనుషులకూ జంతువులకూ మధ్య సంబంధాన్ని చదివే ఆంత్రోజువాలజీ కూడా ఉన్నాయి. వాటికి తలుపు తెరిచినప్పుడు, సర్వర్లు నడపడం నేర్పే కోర్సు గడప బయట ఎందుకుండాలి? విదేశీ విద్యార్థి నుంచి పూర్తి ఫీజు వసూలు చేసే విభాగం, సిలబస్‌ పట్టుకుని విశ్వవిద్యాలయ సెనేట్‌ ముందుకు వెళ్లి సరైన కోడ్‌ తెచ్చుకోకపోవడం బద్ధకం కాదు, బాధ్యతారాహిత్యం.

ఇదంతా దొడ్డిదారి వీసా అనీ, ఓపీటీ వారికి సోషల్‌ సెక్యూరిటీ పన్ను కట్టక్కర్లేదు కాబట్టి కంపెనీలు వాళ్లనే ఎగరేసుకుపోతాయనీ అక్కడి విమర్శకుల వాదన. పన్ను మాట నిజమే. దానికి పన్ను చట్టం మార్చుకోవాలి గానీ, సాంకేతిక చదువును వాణిజ్యం అని పిలవడం మందు కాదు.

మన పొరపాటూ ఉంది. మనం పేర్లు కొనే జనం. హైదరాబాద్‌, విజయవాడ ఇంజినీరింగ్‌ కాలేజీలు సివిల్‌, మెకానికల్‌ సీట్లు తగ్గించుకుని సీఎస్‌ఈ పక్కన ఏఐ, డేటా సైన్స్‌, సైబర్‌ సెక్యూరిటీ అని తోకలు తగిలించాయి. ల్యాబులు పాతవా, పాఠం చెప్పేదెవరు అని అడగకుండా తోక చూసి ఫీజు కట్టాం. అదే అలవాటుతో అమెరికా బ్రోషరులో ‘టెక్నాలజీ’ అన్న మాట కనబడగానే బ్యాంకులో ఇంటి కాగితాలు పెడుతున్నాం. కోడ్‌ సంగతి ఓపీటీ పదో నెలలో, పొడిగింపు దరఖాస్తు నింపబోయిన రోజున తెలుస్తుంది. అప్పుడు కన్సల్టెన్సీకి ఫోన్‌ చేస్తే, ‘అది యూనివర్సిటీని అడగాలి’ అంటారు.